గోడ మీద అర సూత్

బండ్ల మేస్త్రీ ఉస్తాద్ పోయాక, నలభయ్యో రోజు ఫాతెహా అయిన మర్నాడు ఆయన షెడ్డు తాళం తీశారు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీది ఆ రేకుల షెడ్డుకు ఇంక ఎక్కువ రోజుల్లేవు. ముందరి సగం రోడ్డు వెడల్పులో పోతుంది. వెనక సగంలో కొడుకులు మడిగెలు కట్టుకుంటారు. షట్టర్ పైకి లేవగానే, కళ్లకు ఏమీ కనబడకముందే ముక్కుకు తగిలింది కార్బైడ్ వాసన. వెల్లుల్లి మురిగితే వచ్చేలాంటి ఘాటు. మూలనున్న పాత డబ్బా మూత తుప్పుపట్టి వదులైంది. అడుగున మిగిలిన గడ్డలకు చెమ్మ తగిలినట్టుంది. "బీడీ గిట్ల ముట్టియ్యకున్రి" అన్నారు వెనక నుంచి ఎవరో. డబ్బాను ముందు బయటికి, గాలాడే చోటికి మోసుకుపోయిన తర్వాతే లోపలికి అడుగు పెట్టింది అందరూ.

ఆ వాసనతో ఒక బండి గుర్తుకొచ్చింది. తెల్లటి అంబాసిడర్. దాని కింద వెనక ఇరుసు మీదుగా అడ్డంగా వేసిన క్రాస్‌మెంబర్.

*

సిలిండర్లు ఊళ్లోకి విరివిగా రాకముందు వెల్డింగుకు కావాల్సిన గ్యాస్ షెడ్డులోనే పుట్టేది. డ్రమ్ములో నీళ్లు, జాలీ బుట్టలో కార్బైడ్ గడ్డలు. రెండూ కలిస్తే బుడబుడమని ఎసిటిలీన్. పొద్దున రాగానే మొదటి పని నీళ్ల కుప్పె చూడడం. మంట పైపులోంచి వెనక్కి తన్నితే దాన్ని డ్రమ్ము దాకా పోనీయకుండా ఆపేది ఆ కుప్పెలోని నీళ్లే. నీళ్లు గీతకు తక్కువుంటే ఆ పూట ఎవ్వరూ మంట ముట్టించేవాళ్లు కాదు. ఎసిటిలీన్ పైపుకు రాగి ముక్క అతికించడం కూడా అక్కడ పెద్ద తప్పు. రాగితో ఆ గ్యాసు కలిసి పేలే పదార్థం తయారవుతుంది. ఒత్తిడి ఒక బార్ దాటితే, నిప్పు తగలకపోయినా ఆ గ్యాసు తనంతట తానే పేలగలదు. అందుకే గేజీ మీద ఎర్ర రంగు గీత ఉండేది.

డ్రమ్ములో మిగిలే తెల్లటి బురద సున్నమే. పారబోయకుండా గుంటలో ఆరబెట్టి, ఏటా షెడ్డు గోడలకు అదే కొట్టేవాళ్లు. ఆ తెల్ల గోడే ఉస్తాద్ లెక్కల పుస్తకం. బండి నంబరులో చివరి అంకెలు, ఎడమ, కుడి, రెండు కర్ణాలు బొగ్గుతో రాసేవాడు. సున్నం కొట్టే నాడు కూడా ఆ గోడలో ఒక చదరాన్ని వదిలేసేవాళ్లు.

కొలతలన్నీ అంగుళాల్లో, సూత్‌లలో. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్. మూడు మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. అర సూత్ అంటే మిల్లీమీటరున్నర. బండి కింద ఆ అర సూత్‌కు చాలా విలువ.

*

అంబాసిడర్‌కు విడిగా ఛాసీ ఉండదు. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన బండి అది. బాడీయే ఛాసీ. కింద రేకును మడిచి పెట్టెలా చేసిన రెండు పొడుగు మెంబర్లు నేల రేకుకు అతికి ఉంటాయి. ముందు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. వెనక ఉక్కు పట్టీలు పేర్చిన కమాన్ కట్టలు. ఉత్తర్‌పారాలో 2014లో తయారీ ఆగిపోయే దాకా ఆ వెనక పద్ధతి అదే.

కమాన్ కట్టకు ముందు కొస బాడీకి అతికిన హ్యాంగరులో, వెనక కొస ఊగే షాకిల్‌లో ఉంటుంది. బరువును మోయడమే కాదు, చక్రం బండిని ముందుకు తోసే తోపు, బ్రేకు వేసినప్పటి లాగుడు, రెండూ ముందు హ్యాంగరే పట్టాలి. చక్రాలు చిమ్మే బురద చేరేది కూడా సరిగ్గా ఆ మూలల్లోనే. పైకి పెయింటు నిగనిగలాడుతుంటుంది. లోపల రేకు బిస్కెట్‌లా అయిపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి వినాలి. మంచి రేకు ఖంగుమంటుంది, చచ్చిన రేకు మొద్దుగా పలుకుతుంది.

ఆ తెల్ల బండి బత్తాయి తోటల ఆసామిది. డిక్కీలో కాయల బస్తాలు, వెనక సీటులో మనుషులు, మట్టి బాటలు. కమాన్లు చదునయ్యాయి. కొలిమి దగ్గర రెండుసార్లు వంపు కొట్టించారు. పట్టీలను ఎర్రగా కాల్చి వంచి, నూనెలో ముంచి, మళ్లీ పదును దించే పని అది. పదును దించే మెట్టు ఎగ్గొడితే పట్టీ గాజులా విరుగుతుంది. నూనెలో ముంచకుండా ఊరికే కాల్చి వంచితే నెలలోనే మళ్లీ చదునవుతుంది. ఆ బండికి రెండోసారి అదే జరిగింది. పైగా కట్టను ఇరుసుకు పట్టే యూ బోల్టులు వదులై, పట్టీల నడుమ సెంటర్ బోల్టు తెగింది. ఇరుసు ఒకవైపు వెనక్కి జరిగి, బండి ఎండ్రకాయలా పక్కకు నడిచేది. విప్పి చూస్తే రెండు హ్యాంగర్ల దగ్గరా అతుకు మీద అతుకు. కింది అతుకును పట్టుకోవడానికి కూడా మంచి రేకు మిగల్లేదు.

ఆసామి అడిగింది ఇంకో అతుకే. ఉస్తాద్ బండి కింద చాలాసేపు పడుకుని, లేచి, "గీడ బలం లేదు సేఠ్. బరువును బలం ఉన్న కాడికి తోలాలె" అన్నాడు. ఇరుసుకు సరిగ్గా పైన పొడుగు మెంబర్లు గట్టిగానే ఉన్నాయి. రెంటినీ కలుపుతూ ఒక అడ్డ పెట్టె వేసి, దాని కింద కాయిల్ స్ప్రింగులు నిలబెడితే నిలువు బరువంతా అక్కడికి పోతుంది. ముందుకు తోసే తోపు మాత్రం ఎటూ పోదు. దానికి ఇరుసును బాడీకి కట్టే నాలుగు లింకులు, పక్కకు జరగకుండా ఒక పన్హార్డ్ రాడ్డు కావాలి. కింది లింకులకు పాత హ్యాంగరు స్థానాలే ఆధారం కాబట్టి ఆ చోట్లను కూడా కొత్త రేకుతో బాగుచేయాల్సిందే.

*

మొదటి రెండు రోజులు ఇనుము ముట్టనే లేదు.

మొదట బండి మామూలుగా నిలబడే ఎత్తు. టాంకు నిండుగా పెట్రోలు, వెనక సీటులో రెండు ఇసుక బస్తాలు. డిక్కీ పట్టుకుని నాలుగుసార్లు ఊపి వదిలాక, హబ్బు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండువైపులా కొలత. కమాన్లు చదునైన బండిలో ఈ ఎత్తు నమ్మదగ్గది కాదు. అందుకే ఊళ్లోనే తిరిగే ఇంకో మంచి అంబాసిడర్‌ను పిలిపించి దాని ఎత్తు కూడా రాసుకున్నారు.

తర్వాత బండిని స్టాండ్ల మీదికి ఎక్కించారు. స్టాండ్లు ఇరుసు కింద కాదు, మెంబర్ల కింద. మట్టం చూసింది మేస్త్రీల లెవల్ పైపుతో. నీళ్లు నింపిన పారదర్శక గొట్టం ఒక కొస ఎడమ మెంబరుకు, రెండో కొస కుడి మెంబరుకు. గొట్టంలో గాలి బుడగ ఒక్కటి ఉన్నా మట్టం అబద్ధం చెబుతుంది.

ఆపైన తూకం గుండు. ముందు హ్యాంగర్ బోల్టులు, వెనక షాకిల్ బోల్టులు, మెంబర్ల మీది కంపెనీ రంధ్రాలు, వీటిలో ఒక్కోదాని నుంచి దారం దించి, కింద నున్నటి నేల మీద సుద్దతో ప్లస్ గుర్తు. షట్టర్ దించి, పంకా ఆపి, గుండు ఊగడం మానేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. తొందరపడితే, "దారం ఊగంగ గీసింది గాలి కొలత బేటా, బండి కొలత కాదు" అని తుడిపించేవాడు.

గుర్తులన్నీ పడ్డాక బండిని పక్కకు తోసేసినా ఫరవాలేదు. బండి అస్థిపంజరమంతా నేల మీద ఉంటుంది. సుద్ద రాసిన దారం లాగి కొడితే మధ్యగీత పడుతుంది. ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకు రెండు కర్ణాలు కొలవాలి. తేడా ఒక సూత్ లోపుంటే బండి మంచిదే. దాటితే బాడీ మెలితిరిగింది, లేదా ఏదో ఒక హ్యాంగరు పాత వెల్డింగులో జరిగింది. ఏది జరిగిందో తేల్చకుండా క్రాస్‌మెంబర్ చేస్తే వంకరను శాశ్వతం చేసినట్టే. ఇరుసు ఇరుసుకు మధ్య ఎడమా కుడీ కూడా 97 అంగుళాలు రావాలి, అంటే 2464 మిల్లీమీటర్లు. ఆ బండికి వచ్చాయి. మెంబర్ మీది ఒక రంధ్రం మాత్రం పక్కకు ఉంది. ఎంతో గోడ మీద రాశాడు. ఆ మాట తర్వాత.

ఇంజన్ తిప్పుడును వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం కూడా ఈ దశలోనే చూడాలి. గేర్‌బాక్స్ వెనక కొస గీత, ఇరుసు వైపు షాఫ్టు తగిలే పినియన్ ముక్కు గీత ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. తేడా ఒక డిగ్రీ లోపే. లింకుల పొడవు తప్పితే పినియన్ ముక్కు ఎత్తుకుంటుంది లేదా వాలుతుంది, వేగం అందుకోగానే సీటు కింద జుమ్మని వణుకు మొదలవుతుంది. జనం టైర్లు మారుస్తారు, జాయింట్లు మారుస్తారు. తప్పు లింకులో ఉంటుంది.

*

స్ప్రింగులు స్క్రాప్‌లోవి. రెండూ ఒక బండివే అని చెబితే నమ్మకుండా కొలిచారు. స్ప్రింగును రెండు పలకల మధ్య నిలబెట్టి పైన 100 కిలోల తూకం రాళ్లు పెట్టడం. మార్కెట్ నుంచి అద్దెకు తెచ్చిన రాళ్లు అవి. కావాల్సింది 100 కిలోలకు సుమారు రెండు అంగుళాల అణుగు. అంగుళమే అణిగితే బండి ఎద్దుబండిలా ఎగిరేస్తుంది. మూడు అణిగితే బత్తాయి బస్తాలకు బంపు రబ్బరు మీద కూర్చుంటుంది. ఎడమ, కుడి మధ్య తేడా సూత్ దాటితే ఆ జత పనికిరాదు. మూడో జత సరిపోయింది.

పెట్టెకు పది గేజీ రేకు, అంటే మూడుంపావు మిల్లీమీటర్ల మందం. అప్పట్లో కోరిన సైజు పెట్టె పైపు ఊళ్లో దొరికేది కాదు. బెండింగ్ దుకాణంలో రెండు 'యూ'లు మడిపించి ఒకదానికొకటి ఎదురుగా పెట్టి అతకడమే. మూడంగుళాల ఎత్తు, రెండంగుళాల వెడల్పు. మడత లోపలి గుండ్రం రేకు మందానికి తగ్గితే మడతలోనే చిట్లుతుంది.

ఇక్కడే ఒక పెద్ద సంగతి ఉంది. ఆ రెండు 'యూ'ల అతుకు ఎక్కడ రావాలి? చాలామంది పైనా కిందా వచ్చేట్టు పెడతారు, వెల్డింగుకు చెయ్యి సులువుగా ఆడుతుందని. ఉస్తాద్ పక్క గోడల్లో సగం ఎత్తున పెట్టించేవాడు. కావడి బద్దను చూపించి చెప్పేవాడు. భుజం కింది నుంచి మోస్తుంది, బరువు రెండు కొసల్లో కిందికి లాగుతుంది, బద్ద పైముఖం సాగుతుంది, కింది ముఖం నలుగుతుంది. కావడి బద్ద ఎప్పుడు విరిగినా పగులు పైనే మొదలవుతుంది. క్రాస్‌మెంబర్ కూడా అంతే. స్ప్రింగులు రెండు భుజాల్లా కింది నుంచి తోస్తాయి, కొసల్లో బాడీ బరువు అదుముతుంది. పైముఖం, కింది ముఖం కష్టపడుతుంటే సగం ఎత్తున రేకు సాగదు, నలగదు. అతుకు ఉండాల్సింది అక్కడ. పైముఖాన్ని వీలైనంత ముట్టుకోకూడదు. రంధ్రం వద్దు, టాకా (చుక్క వెల్డింగు) వద్దు, గ్రైండర్ అడ్డగీత కూడా వద్దు.

ఇరుసు నడుమ పళ్లచక్రాలుండే క్రౌన్ హౌజింగ్ ఎత్తుకున్నప్పుడు తగలకుండా నడుమ పెట్టె పైకి వంగాలి. వంపు దగ్గర రేకును 'వి' ఆకారంలో కోసి మడిచి అతికి, మూలల్లో బలానికి నాలుగు మిల్లీమీటర్ల మూల రేకు, గుసెట్, వేశారు. గుసెట్ కొసలు చెంచా మూతిలా సన్నగా దిగాలి. మొద్దుగా ఆగితే ఆ ఆగిన చోటే పగులు పుడుతుంది. కొసలకు ఆరు మిల్లీమీటర్ల ప్లేట్లు, ఒక్కోదానికి నాలుగు బోల్టులు. బోల్టు పెట్టెలోంచి పోయే ప్రతిచోటా మందపాటి పైపు ముక్కను లోపల నిలబెట్టి రెండు ముఖాలకూ అతకాలి. ఈ పైపు లేకపోతే బోల్టు బిగించినకొద్దీ పెట్టె చప్పిడి దవడలా లోపలికి పోతుంది. నలిగిన పెట్టె మీద బోల్టు ఎన్నటికీ బిగువుగా ఉండదు.

బోల్టులు అర అంగుళం యూఎన్ఎఫ్, అంటే అంగుళాల లెక్క సన్న మరవి, ముప్పావు పానా పట్టేవి. బండిలోని మరలన్నీ ఆ జాతివే కాబట్టి. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు అర అంగుళం నట్టులో రెండు చుట్లు పట్టినట్టే అనిపిస్తుంది. గుంతలో పడ్డ రోజు మర కోసుకుని ఊడుతుంది.

*

వెల్డింగు రాత్రిపూట. పగలు చుట్టుపక్కల బోర్ల మోటార్లన్నీ నడుస్తుంటే వోల్టేజీ పడిపోయేది. ఆర్క్ అంటుకునేది, కానీ ఇనుములోకి దిగేది కాదు. పైన చీమల బారులా అందమైన పూస, కింద రేకు కరగనే కరగదు. అలాంటి అతుకు సుత్తి దెబ్బకు పెచ్చులా ఊడుతుంది. రాత్రి పది దాటాక నూనె ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమనడం మారేది. ఆ మోత విని మీటరు చూడకుండానే "వచ్చింది" అనేవాళ్లు.

అడుగు పూసకు రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డు 70 నుంచి 80 ఆంపియర్లు, పై పూసకు 3.15 రాడ్డు 100 నుంచి 110. అంచులు రెండూ ఏటవాలుగా గ్రైండ్ చేసి, మధ్యలో రెండు మిల్లీమీటర్ల సందు. సందు లేకుండా అంటించి పెడితే పైపైనే అతుకుతుంది. సరిగ్గా పడుతున్న ఆర్క్‌కు ఒక చప్పుడుంది, మూకుడులో సకినాలు వేగుతున్నట్టు ఎడతెగకుండా. పటపటమని తెగితే రాడ్డు చెమ్మగిల్లింది. వానాకాలంలో 6013 రకం రాడ్లను పెనం మీద వంద డిగ్రీల దాకా వేడిచేస్తే చాలు. అదే 7018 రాడ్డు అయితే 300 డిగ్రీల పైన గంటకు పైగా కాలాలి. ఒకదానికి చేసేది ఇంకోదానికి చేస్తే రెండూ చెడతాయి. లింకుల బ్రాకెట్లకు 7018 వాడేవాళ్లు, పెట్టెకు 6013.

వేడి ఇనుము ఆరుతూ ముడుచుకుంటుంది, అదే అసలు శత్రువు. అందుకే షెడ్డులో బల్లగా వాడే ఆ లారీ ఛాసీ ముక్క. ఆరడుగుల పొడుగు, ఇద్దరు మనుషులు లేపలేని బరువు. దాని మీద రెండు కొసల్లో బోల్టు రంధ్రాల చోటు చూపే పిన్నులు, నడుమ క్లాంపులు. పెట్టెను దానికి బిగించి, ఎదురెదురు మూలల్లో టాకాలు, ఆపైన అంగుళం ఇక్కడ, అంగుళం అవతలి కొసన. ఒక వైపు మొదలుపెట్టి చివరిదాకా ఒకే లాగుడులో పోతే పెట్టె అరటికాయలా వంగుతుంది. విప్పింది కూడా తెల్లారి, చేత్తో ముట్టుకుంటే చల్లగా తగిలాకే. బోల్టు రంధ్రాలు అన్నిటికన్నా ఆఖరున. ముందే డ్రిల్ చేసిన రంధ్రం వెల్డింగు అయ్యేసరికి ఒక సూత్ దాకా జరుగుతుంది. అప్పుడు కుర్రవాళ్లు చేసే పని రౌండ్ ఫైలుతో రంధ్రాన్ని కోడిగుడ్డులా సాగదీయడం. ఆ షెడ్డులో దానికి మాత్రం క్షమాపణ ఉండేది కాదు.

బండి మీద అతికేటప్పుడు ఇంకొన్ని నియమాలు. పెట్రోలు టాంకు, బ్రేకు పైపులు విప్పి బయట పెట్టాలి. బ్యాటరీ రెండు తీగలూ తీయాలి. ఎర్తు క్లాంపు అతికే చోటుకు జానెడు దూరంలోనే ఉండాలి. ఇరుసుకు ఎర్తు పెట్టి బాడీ మీద అతికితే కరెంటు బేరింగుల గోళీల మీదుగా పారి వాటిని చుక్కలు చుక్కలుగా కాలుస్తుంది. నెల తర్వాత బేరింగు మూలిగితే వెల్డింగుతో ఎవరూ ముడిపెట్టరు. మెంబరు మీద బలానికి అతికే ఫిష్ ప్లేటు కొసలు కోలగా ఉండాలి. రేకుకు అడ్డంగా నిలువు పూస వేస్తే, ఆ గీత వెంటే రేకు కాగితంలా చిరుగుతుంది.

*

స్ప్రింగులు లేకుండా మొదట ఇరుసును జాకీతో లేపి చూడడం. క్రౌన్ హౌజింగ్ మీద, పైపుల మీద గోధుమపిండి ముద్దలు పెట్టి, బంపు రబ్బరు పూర్తిగా నలిగేదాకా లేపి దించేవాళ్లు. నలిగిన ముద్ద మందమే మిగిలిన సందు. ముప్పావు అంగుళం కన్నా పల్చగా నలిగితే పెట్టె మళ్లీ బల్ల మీదికి. ఆ బండికి సైలెన్సర్ పైపు దగ్గర ముద్ద కాగితమైంది. పైపును వంచారు, పెట్టెను ముట్టలేదు. తర్వాత ఒక చక్రం పైకి, ఒక చక్రం కిందికి. బ్రేకు హోజు ఎక్కడా బిగుసుకోకూడదు, హ్యాండ్‌బ్రేకు తీగ లాగకూడదు.

పన్హార్డ్ రాడ్డు ఎంత పొడుగుంటే అంత మంచిది, బండి నిలబడ్డ ఎత్తులో నేలకు సమాంతరంగా ఉండాలి. 800 మిల్లీమీటర్ల రాడ్డయితే, ఇరుసు 75 మిల్లీమీటర్లు లేచినప్పుడు పక్కకు మూడున్నర మిల్లీమీటర్లే జరుగుతుంది. జాగా లేదని 400 రాడ్డు వేస్తే అదే గుంతకు ఏడు. వెనక కూర్చున్నవాళ్లకు ఆ తేడా నడుములో తెలుస్తుంది.

లింకుల కొసల్లోని రబ్బరు బుష్‌ల బోల్టులు గాలిలో వేలాడుతుండగా బిగించకూడదు. బండిని చక్రాల మీద దించి, ఇసుక బస్తాలు ఎక్కించి, ఆ ఎత్తులో బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి ఆరు నెలల్లో చీలిపోతుంది. కొత్త బుష్‌లు నాసిరకం అని అందరూ తిట్టుకునే సందర్భాల్లో సగం ఇదే కారణం.

ప్లేట్ల మధ్య మందంగా పెయింటు ఉండకూడదు. అది నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది. పల్చగా రెడ్ ఆక్సైడ్, అంతే. 300 కిలోమీటర్లు తిరిగి వచ్చాక మళ్లీ పానా. టెస్టు ఎప్పుడూ పానగల్లు దాకానే. చెరువు కట్ట దగ్గర తిప్పుకుని వచ్చేలోపు ఆ తోవలోని గుంతలు చెప్పాల్సింది చెప్పేసేవి.

*

ఇప్పుడు ఇలాంటి పని అడిగేవాళ్లకు ముందే చెప్పవలసింది ఒకటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదు. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు కూడా ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండ్లకే. ఆ నిబంధనల కింద ఇచ్చే వీఏ అక్షరాల నంబరు కావాలనుకునేవాళ్లు కమాన్ కట్టల్నే ఉంచి, హ్యాంగర్లను పాత కొలతకు తిరిగి కట్టించుకోవడం మేలు. పైన చెప్పిన కొలిచే పద్ధతి, అతికే వరుస దానికీ అక్షరాలా ఇవే.

*

ఫాతెహాకు ఆసామి కొడుకు ఆ తెల్ల బండిలోనే వచ్చాడు. వెనక ఎక్కడో టక్కుమంటోందన్నాడు. షెడ్డులో ఇంకా కరెంటు ఉంది, ఛాసీ ముక్క ఉంది. ఎనిమిది బోల్టులు విప్పితే క్రాస్‌మెంబర్ కిందికి దిగింది. యూఎన్ఎఫ్ బోల్టులు, ముప్పావు పానా. పైపు ముక్కల దగ్గర పెట్టె ఎక్కడా నలగలేదు. పక్క గోడల్లోని అతుకు కనిపించకుండా మట్టి పట్టింది కానీ, గీకితే పూస చెక్కుచెదరలేదు.

పగులు పైముఖం మీద ఉంది. వంపుకు బెత్తెడు ఇవతల, అంగుళం లోపు. అక్కడ ఎప్పుడో, ఎవరో, బ్రేకు పైపు క్లిప్పును చిన్న టాకాతో అంటించారు. కందిగింజంత టాకా. సరిగ్గా దాని కాలి దగ్గర నుంచి మొదలైన పగులు.

ఛాసీ ముక్క మీద పెట్టారు. ఎడమ పిన్ను తనంతట తాను దిగింది. కుడి పిన్ను దిగలేదు, అంచుకు ఆనింది. ఇన్నేళ్ల గుంతలకు పెట్టె వంగిందేమో అనుకుని ఒకరు అప్పటికే దారం అందుకున్నారు. దారం కట్టి చూస్తే పెట్టె తిన్నగానే ఉంది. అప్పుడు గోడ గుర్తొచ్చింది. సున్నం కొట్టకుండా వదిలిన చదరంలో, బొగ్గు సగం చెరిగిపోయి, బండి అంకెలు, రెండు కర్ణాలు, వాటి కింద "కుడి ½ సూత్ బయటికి" అని ఉంది. మెంబర్ మీది ఆ రంధ్రం బండిలోనే పక్కకుంది. ఛాసీ ముక్కకు సరిపోయేలా కాకుండా బండికి సరిపోయేలా డ్రిల్ చేశాడు.

పగులు కొసన మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేసి, 'వి' కోసి, రెండున్నర రాడ్డుతో నింపి, పూసను పొడుగు వాటంలో నున్నగా రుద్దారు. క్లిప్పు టాకా ఆనవాలు లేకుండా పోయింది. బ్రేకు పైపును ఈసారి రబ్బరు పట్టీతో కట్టారు.